రెండు మెట్ల వదులు

నా గొంతు బాగుపడిందని ఎనిమిది నెలలు నమ్మాను. మిరియాల కషాయం మహిమే అనుకుని మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురికి చెప్పాను కూడా. వాళ్ళింకా తాగుతున్నారు. ఇప్పుడు వెళ్ళి నిజం చెప్పాలంటే మొహమాటంగా ఉంది. పైగా దగ్గుకు మంచిదే కదా.

అంతకు ముందు నా గొంతు చరిత్ర చాలా చిన్నది. ఎనిమిదో తరగతిలో జెండా పండగకి పాటల వరసలో నిలబెట్టారు. రెండో రోజు పాటల టీచరు నా దగ్గరికొచ్చి చెవిలో, "వసుమతీ, నువ్వు పెదాలు కదిలించు చాలమ్మా" అంది. కసిరి ఉంటే మర్చిపోయేదాన్ని. అంత మెత్తగా చెప్పింది కాబట్టి ముప్ఫై నాలుగేళ్ళు ఆ మాట విన్నాను. పెళ్ళిళ్ళలో, భజనల్లో, బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు కూడా పెదాలే కదిలించాను. చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టేదాన్ని.

గిటారు మా ఇంటికి రావడంలో నా తప్పేమీ లేదు. మా ఆయన సురేందర్ ఎర్రమంజిల్‌లో ప్రభుత్వ ఉద్యోగి. ఆఫీసు లక్కీ డ్రాలో మిక్సీ వస్తుందని ఆశపడితే గిటారు వచ్చింది. రెండు నెలలు బీరువా పక్కన నిలబడింది. ఆ సంగతి ఒకరోజు జాకెట్టు బట్ట ఇవ్వడానికి యూసుఫ్‌గూడ వెళ్ళినప్పుడు రాజనర్సయ్య కాకతో అన్నాను.

కాక మా టైలరు. సిరిసిల్ల మనిషి. పదకొండేళ్ళుగా నా జాకెట్లన్నీ ఆయనే కుడుతున్నాడు. ఏటా పాతవి బిగుతైతే విప్పి వదులు చేసి ఇస్తూ, "గీ కాటన్ మస్తు గుంజుకుంటది బిడ్డా" అని బట్టని తిడతాడు. పట్టుచీర జాకెట్టుకీ అదే మాట అన్నాడు. నేనూ బట్టనే తిట్టేదాన్ని. ఎవరికి మాత్రం నిజం అవసరం?

గిటారు మాట వినగానే కాక కత్తెర కింద పెట్టాడు. "పడుసుతనంల పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల వాయించిన. మేం ఐతారం ఐతారం కూసుంటం. మూడింటికి అమీర్‌పేటకు రా."

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటరు మూడో అంతస్తు. అక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పే మహిపాల్ ఆదివారాలు మాకోసం ఒక క్లాసుగది తాళం తీస్తాడు. బోర్డు మీద "చెరపవద్దు" అని రాసి ఉన్న కోర్సు పాఠం పక్కనే మేము పాటల కార్డ్స్, అంటే ఏ మాటకి ఏ తీగలు నొక్కాలో చెప్పే అక్షరాలు, రాసుకుంటాం. ఓ సోమవారం ఒక పిల్ల జీ, సీ, డీలు కూడా నోట్సులోకి ఎక్కించుకుని, పరీక్షలో వస్తాయా సార్ అని అడిగిందట.

మేం ఐదుగురం. కాక, మహిపాల్, నేను ముగ్గురం. నాలుగోది హాస్టల్లో ఉండి కోర్సు నేర్చుకుంటున్న దివ్యశ్రీ. గిటారు ముట్టుకుంటే వార్డెన్ అరుస్తుంది కాబట్టి తన గిటారు క్లాసుగదిలోనే వదిలిపెడుతుంది. నాకన్నా ఇరవై రెండేళ్ళు చిన్నదైనా నన్ను అక్కా అంటుంది. తెలివైన పిల్ల. ఐదోవారు వీరవెంకటసత్యనారాయణగారు. కాకినాడ నుంచి బదిలీపై వచ్చిన బ్యాంకు ఉద్యోగి. గిటారుకి సంబంధించి ప్రపంచంలో దొరికే ప్రతి వస్తువూ ఆయన దగ్గర ఉంది. ఇంట్లో వాయించడానికే తీరిక ఉండదు, తుడవడంతో సరిపోతుంది.

మా పద్ధతులు రెండే. నెలకొకరు సొంతంగా పాట కట్టి తీసుకురావాలి. ఎలా ఉన్నా మిగతావాళ్ళు వాయించాలి. రెండోది, గదిలోకి రాగానే ఫోన్లు కాక తెచ్చిన బిస్కెట్ల డబ్బాలో వేసి, గిటార్లు ఆయన చేతికివ్వాలి. ఐదింటినీ చెవితోనే శ్రుతి చేసి ఎవరిది వాళ్ళకిచ్చేవాడు. ఇంటి దగ్గర మేమెవ్వరం తీగలు బిగించే ఆ మరలు ముట్టుకోం. తీగ తెగి కంట్లో పడుతుందని నా భయం.

మూడో నెలలో నా వంతు వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకు, గిన్నెలు ఆరబెట్టాక రాసిన పాట. నాకొచ్చిన నాలుగు కార్డ్స్‌లోనే కట్టాను.

*రెండు దాటినంక నాలుగయ్యేదాక*
*ఎవ్వరి పేరు నేను పిలువను*
*ఎవ్వరు పిలిసిన నేను పలుకను*
*గీ రెండు గంటలు నాకు నేనే సుట్టం.*

వాళ్ళ ముందు పాడాను. ఎందుకు పాడానో తెలీదు, పద్ధతి అంటే పద్ధతి కదా. చివరి మాట పైకి వెళ్ళాలి. గొంతు అక్కడిదాకా వెళ్ళి, తలుపు కొట్టి, వెనక్కి వచ్చేసింది.

ఎవరూ నవ్వలేదు. సత్యనారాయణగారు, "మొదటిసారి అలాగే ఉంటుందండీ. నాకిప్పటికీ అలాగే ఉంటుంది" అన్నారు.

ఆ రోజు నుంచే కషాయం మొదలుపెట్టాను. మా ఆయనకీ పోశాను. "పాట ఎన్నిసార్లయిన ఇంట గని ఇది మాత్రం తాగనే" అని మొత్తుకున్నాడు. ఆశ్చర్యం! మరుసటి ఆదివారం "సుట్టం" అన్న మాట మీద గొంతు హాయిగా కూర్చుంది. ఆ మరుసటి వారమూ అంతే. తీగలు కూడా వేళ్ళకి మెత్తగా తగిలేవి. అది వేళ్ళు మొద్దుబారడం వల్ల అంది దివ్యశ్రీ. తను తెప్పించిన కొత్తరకం తీగల వల్ల అన్నారు సత్యనారాయణగారు. కాక మాత్రం తల వంచుకుని వాయించుకునేవాడు.

పంజాగుట్టలో ఒక టీ దుకాణం మేడ మీద, ఆదివారం సాయంత్రాలు మాలాంటివాళ్ళని పాడనిస్తారు. ఒక పాటకి మాకూ చోటు దొరికింది. ఏ పాట అంటే నలుగురూ నావైపే చూశారు. ఇంటికొచ్చి రెండు గ్లాసుల కషాయం తాగాను.

ఈ శుభసందర్భంలో సత్యనారాయణగారు చిన్న కీబోర్డు తెప్పించారు. మేం వాయిస్తుంటే ఆయన నొక్కారు. అది మాతో కలవలేదు. మేం ఒక వీధిలో ఉంటే అది పక్క వీధిలో ఉంది.

"ఏంటండీ ఇదీ! డొక్కు పీసు పంపించారు" అని వాపసు చేశారు. వారంలో రెండోది వచ్చింది. దానిదీ అదే రోగం. దాన్నీ పెట్టెలో పెట్టబోతుంటే దివ్యశ్రీ ఆపింది.

"అన్నా, జర ఆగు. రెండు పీసులు ఒక్క తీరుగ ఖరాబుంటయా? మనమే ఖరాబేమో."

బిస్కెట్ల డబ్బాలోంచి ఫోను తీసి, ఒక్కో గిటారు ముందు పెట్టి చూసింది. "అన్ని తీగలు సరిగ్గ రెండు మెట్లు కిందికున్నయ్. ఐదు గిటార్లవి."

అందరం కాక వైపు చూశాం. కాక కళ్ళద్దాలు తీసి అంగీకి తుడుచుకున్నాడు.

"చెవి పోయినట్టుంది బిడ్డా. అరవై ఎనిమిదేండ్లు. గీ నడుమ నా మిషిను సప్పుడు సుత సక్కగ ఇనొస్తలేదు."

"అరె కాకా! చెప్పాలె గదా" అన్నాడు మహిపాల్. "నేను చెవుల డాక్టర్ దగ్గరికి తోల్కపోత, ఫికర్ జెయ్యకు."

"పోదాం తియ్."

"ఇకనుంచి ఫోన్లతో చూసుకుందాం లెండి. పెద్దాయన్ని శ్రమ పెట్టడం ఎందుకు" అన్నారు సత్యనారాయణగారు, నిజంగా ప్రేమతోనే. కాక ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

గిటార్లన్నీ సరైన శ్రుతికి ఎత్తారు. కీబోర్డు చక్కగా కలిసింది. నేను పాడాను. చివరి మాట దగ్గర గొంతు మళ్ళీ తలుపు కొట్టి వెనక్కి వచ్చింది. మూడుసార్లు వచ్చింది. అదే మాటను దివ్యశ్రీ కూర్చున్న చోటినుంచి ఊరికే అనేసింది, పువ్వు తెంపినట్టు.

"నువ్వే పాడు దివ్యా. నేను వాయిస్త" అన్నాను నవ్వుతూ. ముప్ఫై నాలుగేళ్ళ అనుభవం ఉంది కదా, ఆ నవ్వు బాగానే కుదిరింది.

ఆ సాయంత్రం కషాయం పెట్టలేదు. సురేందర్ రెండుసార్లు వంటింట్లోకి తొంగి చూసి, "ఏమైందే?" అన్నాడు. తాగనన్న మనిషికి బెంగ పట్టుకుంది.

బుధవారం జాకెట్టు తెచ్చుకోవడానికి కాక దుకాణానికి వెళ్ళాను. నాకన్నా ముందు ఒకాయన ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు. "కాకా, పోయినేడు కుట్టినవు. బటన్ వడ్తలేదు."

"గీ బట్టనే గంత అన్నా, నీళ్ళు తగిల్తె గుంజుకుంటది" అన్నాడు కాక, ఆయన పొట్టవైపు చూడకుండా. "లోపల మార్జిన్ వెట్టిన. ఇడుస్త తియ్."

ఆయన తృప్తిగా పొట్ట నిమురుకుంటూ వెళ్ళిపోయాడు. కాక నా జాకెట్టు చివరి కుట్టు వేస్తూ మాట్లాడుతున్నాడు. బయట ఆటోలు, పక్క దుకాణంలో టీవీ, చేతికింద మిషిను. మాట మధ్యలో టక్కున ఆపాడు.

"బాబిన్ల దారం అయిపోవట్టె."

కింది మూత తీశాడు. బాబిన్ మీద రెండు చుట్లు మిగిలాయి.

నేను స్టూలు మీద కూర్చున్నాను. "కాకా, నీ చెవి పోయిందంటివి."

"పోయింది."

"బాబిను ఎట్ల ఇనొచ్చింది మరి?"

కాక కొత్త దారం చుట్టడం మొదలుపెట్టాడు.

"మా గిటార్లు సుత నీళ్ళల్ల వడి గుంజుకున్నయా కాకా?"

అప్పుడు నవ్వాడు. దొరికిపోయిన దొంగలా కాదు, కొలత సరిపోయినవాడిలా.

"నీ పాట మంచిగున్నది బిడ్డా. బట్ట మంచిగుంది, కుట్టు మంచిగుంది. మెడకాడ జర పట్టింది, గంతే. రెండు మెట్లు ఇడిసిన."

"నాకు చెప్పకపోతివి."

"చెప్తె పాడుతుంటివా?"

పాడేదాన్ని కాదు. "నా ఒక్కదాని గిటారు దించితే అయిపోతుండె గదా. అందరివీ ఎందుకు?"

"నీ ఒక్కదానిది దించితె వాళ్ళతోటి కలుస్తదా? ఇంకో సంగతి, ఎవ్వరి కొలత వాళ్ళది. ఊరందరికి చెప్పుడెందుకు?"

ఐదు గిటార్లు, ముప్ఫై తీగలు, వారం వారం. ఒక్క మాట పైకెళ్ళడం కోసం. ఆదివారం నలుగురి ముందు చెవి పోయిందని చెప్పి, ప్రేమగా చేసుకునే పని పోగొట్టుకుని, చెవుల డాక్టరు దగ్గరికి కూడా బయల్దేరబోయాడు. మా టీచరు కూడా మెత్తగానే మాట్లాడింది. మెత్తదనాల్లో ఇంత తేడా ఉంటుందని నలభై ఏడేళ్ళకి తెలిసింది. "జాకెట్టు మంచిగ కుదిరింది కాకా" అన్నాను.

"ఏసుకోకముందే?"

"నువ్వు కుట్టినవు గదా."

ఆదివారం టీ దుకాణం మేడ మీద పాతికమంది దాకా ఉన్నారు. కష్టపడి కొనుక్కున్న గిటార్లు, రాసుకుని మడతలు పడిన కాగితాలు, ఒకరి తీగలు ఒకరు తడిమి చూసుకుని "ఏ నంబరు తీగలు వేశావు?" అని అడగడాలు. అందరూ మావాళ్ళలాగే ఉన్నారు. తర్వాతి వంతు మాది అనగా నా గిటారు తీసి కాక ఒళ్ళో పెట్టాను.

"కాకా, నా కొలతకు వెట్టు."

కాక నావైపు చూశాడు. వద్దన్నట్టు తల ఊపాడు. నేను మిగతా ముగ్గురివైపు తిరిగాను.

"కాక చెవి బంగారం లెక్క ఉంది. పైకి అందనిది నా గొంతే. ఎనిమిది నెలల సంది నా కోసం మనందరి గిటార్లు దించి, తప్పు తన మీదేసుకుండు. మీ గిటార్లు సుత ఇయ్యుండ్రి. నేనే పాడుత."

అనుకున్నంత కష్టంగా లేదు. పన్ను పీకించుకున్నాక ఉండే తేలిక.

మహిపాల్ ఫోను తీసి, "అయితే డాక్టర్ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ జెయ్యాల్నా?" అన్నాడు.

"నువ్వు చూపించుకో. ఎనిమిది నెలలు ఏం ఇనకపోతివి" అంది దివ్యశ్రీ, తన గిటారు ఇస్తూ. "నేను సుత వస్త తోడు."

"మరి నా కీబోర్డు?" అన్నారు సత్యనారాయణగారు. సంచీలోంచి దానితో వచ్చిన పుస్తకం తీసి, మొదటిసారి తెరిచి, మూడు పేజీలు తిప్పారు. "ఇక్కడేదో మీట ఉందండీ. నొక్కితే ఎన్ని మెట్లు కావాలంటే అన్ని మెట్లు దిగుతుందట." చిన్న గొంతుతో, "మొదటిదానికీ ఉండే ఉంటుంది పాపం" అన్నారు.

కప్పుల చప్పుడు, కింద రోడ్డు మీద హారన్లు. కాక గిటారు పొట్టకి చెవి ఆనించి, ఒక్కో తీగనీ దించాడు. దివ్యశ్రీ చాటుగా ఫోనుతో చూసి నా చెయ్యి నొక్కింది. ముప్ఫైకి ముప్ఫై.

పాడాను. నేనే పాడాను. "నాకు నేనే సుట్టం" అన్న చోట గొంతు తలుపు కొట్టలేదు, తీసి ఉన్న తలుపులోంచి లోపలికి వెళ్ళింది. వెనక వరసలో సురేందర్ చప్పట్లు ఒక చరణం ముందే మొదలుపెట్టి ఆపేశాడు. రెండో చరణంలో ఒక మాట మర్చిపోయాను. కంగారు పడలేదు, అక్కడ పెదాలు కదిలించాను. చేతనైన విద్య ఎప్పుడో ఒకసారి పనికొస్తుంది.

దిగాక కాక నా దగ్గరికొచ్చి, "రెండో చరణంల ఒక కుట్టు ఊడింది. మల్ల ఐతారం చూద్దాం" అన్నాడు. డబ్బా సంగతి ఎవరూ మాట్లాడలేదు గానీ, ఆ మల్ల ఐతారం అందరం ఫోన్లు అందులో వేసి, గిటార్లు ఆయన ముందు వరసగా పెట్టాం.

మొన్న కొత్త జాకెట్టు బట్ట, కొలతకి పాతది ఇచ్చి వచ్చాను. టేపుతో పాతదాన్ని కొలిచి, నన్నొకసారి చూసి, కాక పుస్తకంలో అంకె మార్చాడు.

"కాకా, మన నడుమ దాపరికం లేదు గదా. ఈసారి నిజం చెప్పు."

"నిజంగనే బిడ్డా" అన్నాడు, కళ్ళద్దాల మీదుగా. "గీ బట్ట మస్తు గుంజుకుంటది."