పిల్లలు అన్న గడి

ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చిన ఫారంలో, పోషించే పిల్లలు అన్న గడిలో దేవకి ‘లేరు’ అని రాసింది. తొమ్మిదేళ్ల కూతురు చిన్నతల్లి పేరు ఆరేళ్లుగా అన్నయ్య కాంతయ్య పన్ను కాగితాల్లో ఉంది. పన్ను తగ్గింపుకు ఒకే పిల్లను ఇద్దరు చూపించకూడదని ఆమెకు తెలుసు.

ఆమె భర్త బాగన్ దాతుక్ అనే ఊరి దగ్గర కొబ్బరి తోటలో గుమస్తాగా ఉండేవాడు. పందొమ్మిది వందల యాభై ఒకటిలో కూలీల జీతాలు తెస్తుంటే అడవి దారిలో తిరుగుబాటుదారులు కాపుకాసి కాల్చి చంపారు. కాంతయ్య వచ్చి తల్లినీ పిల్లనూ జార్జ్ టౌన్‌లోని తన ఇంటికి తీసుకొచ్చేశాడు. ఆయనకూ భార్య పుష్పవల్లికీ పిల్లలు కలగలేదు. మేనమామగా చిన్నతల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించాడు, బళ్లో వేశాడు. దేవకికి టైపు నేర్పించింది కూడా ఆయనే.

మొదటి జీతంలో ఏడు డాలర్లు తగ్గాయి. ఒంటరి మనిషి లెక్కన పన్ను పట్టుకున్నారని హెడ్ క్లర్కు తంగరాజు చెప్పాడు. కోయిల్లో పూజప్పుడు ఆమె పక్కన పిల్లను చూసినట్టు గుర్తు ఆయనకు. పాప ఎవరని అడిగాడు. నా కూతురేనంటే ఆయన ఫారం తీసి ఆ గడి మీద వేలుపెట్టాడు. స్వాతంత్ర్యపు మెర్దేకా సెలవులకు ముందే, సోమవారానికల్లా, దిద్ది ఇస్తే వచ్చే నెల నుంచి కోత ఉండదన్నాడు.

ఏడు డాలర్లంటే పాప బడి ఖర్చు. కానీ బస్సులో దేవకిని తొలిచింది డబ్బు కాదు. తన దస్తూరీలో ఉన్న ‘లేరు’ అన్న ఆ ఒక్క మాట.

ఇంటికొచ్చి ముందు వదినకు చెప్పింది. పుష్పవల్లి చేపలు తోముతూ అంతా వింది. పాప పేరు మారితే తమ కోత పెరుగుతుందని ఆమెకూ అర్థమైంది.

“మీ అన్న కోపం కప్పులో కోపీ సల్లారేదాకే లే. సెప్పాల్సింది సెప్పేయ్,” అంది.

దేవకి సంగతి చెప్పాక కాంతయ్య కప్పులో కోపీ చల్లారింది కానీ కోపం రాలేదు. చిన్నతల్లి పెరట్లో బళ్లో నేర్పిన కొత్త పాట వల్లిస్తోంది. ఆయన అటే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు పెరిగే పన్ను తన జీతంలోంచి ఇస్తానంది దేవకి. అప్పుడొచ్చింది కోపం.

“ఏటి దేవకీ, ఆరేళ్ల కూటికి లెక్క కడతావా?”

దేవకి తల వంచుకుంది. ఆయన గొంతు తగ్గించాడు.

“ఏటేటా నా బిడ్డేనని రాసినాను. ఒక్కపాలి కూడా అబద్ధం రాసినట్టు అనిపించనేదు.”

“నీది అబద్ధం కాదన్నా. నాది అబద్ధం. కన్నదాన్నై ఉండి, పిల్లలు నేరని రాసినాను.”

కాంతయ్య లేచి లోపలికి వెళ్లాడు. ఇక మాట్లాడడనే అనుకుంది దేవకి. ఆయన తన పన్ను కాగితాల కట్ట, కలం తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. పన్ను ఆఫీసుకు ఇంగ్లీషులో ఉత్తరం మొదలుపెట్టాడు. పాప ఇక తన చెల్లెలి పోషణలో ఉందని రాయడానికి మూడు కాగితాలు చింపాడు. నాలుగోది మడిచి కవరులో పెట్టాక, పిల్ల పుట్టిన తేదీ ఆమె ఫారంలో తప్పు పడకుండా ఒక చీటీ మీద తనే రాసిచ్చాడు.

“బడికి బూట్లు మాత్రం నేనే కొంతాను. దానికి ఫారం నేదు కదా,” అన్నాడు ఆమె వైపు చూడకుండా.

దేవకి బూట్లకు ఒప్పుకుంది. పుస్తకాలు కూడా అన్నాడు. వాటికి ఒప్పుకోలేదు.