పరీక్షకు పెట్టిన మంచం

వెల్లకిలా పడుకుంటే మా బావ ఎల్లాజీకి ఊపిరి ఆడదు. కిడ్నీలు పాడై ఒళ్లంతా నీరు చేరింది. ఆసుపత్రి మంచం మీద నేను అటు తిరిగి కూర్చుంటే, నా వీపుకు వీపు ఆనించి కునుకు తీసేవాడు. మా ఊరు అక్కుపల్లిలో సముద్రపు ఒడ్డున వలలు బాగుచేసుకునేటప్పుడూ అలాగే కూర్చునేవాళ్లం.

అది రెండువేల నాలుగు. పలాసలో చూడలేమన్నారు. టెక్కలిలో చీటీ రాసి పంపించేశారు. అక్కడే హైవే మీద బస్సెక్కి పట్నం వచ్చాం. డాక్టర్లను తయారుచేసే సర్కారు ఆసుపత్రి. పైసా తీసుకోరు, నిజమే. రోజూ పొద్దున్నే కుర్ర డాక్టర్లు గుంపుగా వచ్చి బావ కాళ్లు నొక్కి, గుంట పడితే సంతోషించి పోయేవారు. రక్తం శుభ్రం చేసే మెషీను మాత్రం ఒక్కటే పనిచేస్తోంది. దాని ముందు కిడ్నీ జబ్బుతో మా ఉద్దానం సగం కూర్చుని ఉంది.

ఒకరోజు వార్డు ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. మర్నాడు డాక్టరు చదువులకు పరీక్షలట. జనార్దనరావు అనే డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు.

“మీ బావ మంచి కేసు. పరీక్షకు పెడతాం. మంచం ఉంటుంది. అయిపోగానే మెషీను ఎక్కిస్తాను, నాది పూచీ.”

“పెట్టకపోతే?”

“డిశ్చార్జి.”

“ఆయన్నేటి సెయ్యమంటారు?”

“చెప్పినట్టు చెయ్యాలి. అడిగినదానికే జవాబు. జబ్బేమిటో పరీక్ష రాసేవాళ్లే కనిపెట్టాలి, దాని పేరు మీ నోట రాకూడదు. వచ్చిందా, నా పూచీ లేదు.”

బావకు చెబితే నవ్వాడు. “నువ్వు అయిదులో మానేసావు, నాను బడే సూళ్లేదు. ఇద్దరం పెద్ద పరీచ్చకెల్తన్నాం సూడ్రా పోలారావూ.”

“నోరు మూసుకోనుండు, అదే సాలు.”

“మీ యక్క ఇన్నేళ్లూ అదే సెప్పింది. నువ్వొక్కడివే తక్కువ.”

మర్నాడు బావ మంచం చుట్టూ తెర కట్టి నన్ను బయటికి పంపారు. తెరకూ గోడకూ మధ్య సందు ఉంది. అక్కడ నిలబడ్డాను. గౌతమి అని పిలిస్తే ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. పరీక్ష ఆమెకే.

“ఏం పని చేస్తావు?”

“ఏట.”

“వేటా? అడవిలోనా?”

“సముద్రంలోనమ్మా. అడివిలో మాకేటి పని?”

ఆమె నవ్వలేదు, రాసుకుంది. “పడుకో. పొట్ట చూడాలి.”

బావ ఒక్కసారి సందు వైపు చూశాడు. పడుకోలేనని చెప్పొచ్చు. కానీ ఆమె అది అడగలేదు. పడుకున్నాడు.

ఆమె పొట్ట మీద వేళ్లతో తట్టి వింటోంది, రాస్తోంది. బావ చెయ్యి మంచం ఇనుప చట్రాన్ని పట్టుకుంది. పెదాలు నల్లబడుతున్నాయి. ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చాలని చూస్తున్నాడు.

నేను లోపలికి వెళితే మంచం పోతుంది, మెషీను పోతుంది. మెషీను లేకపోతే బావ పోతాడు. పొట్ట చూడడం అయితే తనే లేపుతుందిలే అనుకున్నాను. ఆమె పొట్ట వదిలి కాళ్ల దగ్గరికి జరిగింది. లేవమనలేదు.

తెర లాగేశాను.

“లేపండమ్మా! పడుకుంటే సచ్చిపోతాడు! కిడ్నీలు పోయాయి, ఒళ్లంతా నీరే! బేగి లేపండి!”

వార్డంతా విన్నది. జనార్దనరావు పరుగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. “నీకు నిన్ననే చెప్పానా లేదా?”

అప్పటికే బావను లేపి నా వీపు ఆనించాను. ఆ అమ్మాయి అప్పుడు చూసింది బావ ముఖం. కాగితాలు పారేసి ఆక్సిజన్ కోసం అరిచింది. పరీక్ష పెట్టడానికి పై ఊరి నుంచి వచ్చిన పెద్ద డాక్టరు బావ ఛాతీకి గొట్టం ఆనించి విన్నాడు.

“ఇతన్ని పరీక్షకు పెట్టిందెవరు? ముందు మెషీను ఎక్కించండి.”

నా చొక్కా మీది చెయ్యి జారిపోయింది.

మెషీను గది ముందు కవిటి నుంచి వచ్చిన వరహాలమ్మ కూర్చుని ఉంది. అప్పుడు వంతు ఆమె కొడుకుది. స్ట్రెచర్ చూసి లేచింది.

“మీవోడికి ఎక్కువైపోనాదేటి?”

“అవునమ్మా.”

“అయితే ఆన్నే ఎక్కించండి. మావోడింకా మాటాడతన్నాడు.”

సాయంత్రానికి బావకు ఊపిరి కుదుటపడింది. “ఆ పిల్ల పాసయ్యిందేట్రా?” అని అడిగాడు.

“నాకేటి తెలుసు.”

మంచం వేరేవాళ్లకు ఇచ్చేశారు. వరండాలో దుప్పటి పరిచి, వీపుకు వీపు ఆనించి కూర్చున్నాం. నాకెదురుగా వరహాలమ్మ కొడుకు తల ఒళ్లో పెట్టుకుని ఉంది. వాడు మాట్లాడడం మానేశాడు. ఆమె మెషీను గది తలుపు వైపే చూస్తోంది.

“నాను ఎక్కింది ఎవులది వొంతు?” అన్నాడు బావ.

ఆయన అటు తిరిగి చూడకుండా నా వీపు గట్టిగా ఆనించాను.