చారల జంతువూ నిమ్మ గజ్జీ

నిమ్మాకు నలిపితే ఇంకా అదే వాసన.

ఘాటుగా, చల్లగా... జబ్బేమీ తెలియని వాసన.

ఆకు మీద మాత్రం మచ్చలు. గోధుమరంగువి, గరుకువి, చుట్టూ పసుపు అంచు. కాయల మీదా అవే.

గజ్జి తెగులు, అంది సువార్త. మారేడ్‌పల్లిలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతుంది. ఆకుని బాటనీ లెక్చరర్‌కి చూపించి వచ్చింది. కంటికి కనపడని బాక్టీరియా. వాన చినుకుతో చిందుతుంది. మొక్కతో పాటు ఇంకో ఇంటికి పోతుంది.

అత్త రోసమ్మ వినలేదు.

పెరట్లో పాలిథిన్ సంచుల్లో అంటుమొక్కలు. చనిపోయిన మామగారు తెనాలి నుంచి తెచ్చి నాటిన చెట్టుకి ఆవిడే కట్టిన అంట్లు. ఆదివారం చర్చిలో కోతపండగ. ఎవరింట పండింది వాళ్ళు తెచ్చి వేలానికి పెట్టాలి. ఈ యేడు మొక్కలిస్తానని రోసమ్మ సంఘమంతా వింటుండగా మాటిచ్చింది.

"చెట్టు ఎలాగూ పోద్దన్నావుగా. దాని పిల్లలన్నా నాలుగిళ్ళల్లో బతకనీ."

"తెగులు కూడా ఆ నాలుగిళ్ళకీ పోద్ది, అత్తయ్యా."

"కప్పల్ని కోసేదానివి. చెట్ల సంగతి నీకేం తెలుసే?"

ఆ వారమే సువార్త క్లాసులో థైలసీన్ గురించి చెప్పింది. ఆస్ట్రేలియా పక్కన టాస్మేనియా దీవిలో, వీపున చారలున్న జంతువు. పిల్లల్ని పొట్ట సంచిలో మోసేది. గొర్రెల్ని తింటుందని చంపించారు. చంపినవాడికి బహుమానం ఇచ్చారు. చివరిది జూ బోనులో పోయింది. తర్వాత వెతికారు, వెతికారు... దొరకలేదు.

ఈ గజ్జి బాక్టీరియానీ చంపాలనే చూశారు. తోటలకి తోటలు తగలబెట్టారు.

అది పోలేదు.

కళ్ళున్నది, పిల్లల్ని మోసేది — పోయింది.

కళ్ళు లేనిది, పేరైనా ఎవరికీ పట్టనిది — ఉంది.

ఆ జంతువుకి ఒక్క జంట మిగిలినా సరిపోయేదేమో. దీనికి ఒక్క ఆకు చాలు.

మామగారి చెట్టుని బతికించడమూ, తెగులుని బతికించడమూ ఒకటే పని అయి కూర్చుంది.

శనివారం సాయంత్రం సువార్త మొక్కల్ని కాల్చింది. పచ్చివి. తొందరగా అంటుకోలేదు. రోసమ్మ గడపలో కూర్చుని చూసింది. ఏడవలేదు.

"పాస్టరుగారు అడిగితే, మా కోడలు బూడిద పండించిందండీ అని చెప్తాలే."

ఆదివారం పొద్దున ఆటోలో ఇద్దరూ. రోసమ్మ ఒళ్ళో బైబిలు సంచి. ఎప్పటికన్నా ఎత్తుగా ఉంది. అడుగున తడి, చీర మీదికి దిగుతోంది.

సువార్త చెయ్యి చాచింది.

రోసమ్మ రెండు చేతులూ సంచి చుట్టూ వేసుకుంది.

"ఒక్కటేనే. మచ్చ లేదు. చూసే తెచ్చా."

సంచి మూతి దగ్గర ఆకు కనబడుతోంది. లేతది, నున్నటిది. మచ్చ నిజంగానే లేదు.

ఇంకా లేదు.

ఆటో చర్చి గేటు దగ్గర ఆగింది. లోపల వేలానికి బల్లలు జరుపుతున్న చప్పుడు. రోసమ్మ దిగలేదు.

సువార్త చెయ్యి వెనక్కి తీసుకోలేదు...