డిస్కుకు పూసిన నూనె

విజేందర్‌కు గుట్ట దిగడం కల్లు మోతతో అబ్బింది. దేవరకొండ అవతల వాళ్ల ఊరి వెనక గుట్ట మీద తండ్రి కాటమయ్య తాటిచెట్లు గీసేవాడు. ఎండ ముదిరితే కల్లు పులుస్తుంది. కొడుకు బడికి పోయే ముందే పాత సైకిల్‌కు చెరోవైపు డబ్బా కట్టుకొని, బండల సందుల్లోంచి కిందికి తేవాలి. ఒలికితే తన్నులు. ఆలస్యమైనా తన్నులే.

ఆ దారినే హైదరాబాద్ సైకిళ్లవాళ్లు ఒకసారి వచ్చారు. వాళ్లవి ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిళ్లు, నెత్తికి టోపీలు, మోకాళ్లకు కవచాలు. డబ్బాలు కట్టిన తుప్పు సైకిల్ వాళ్లను దాటి కిందికి పోయింది. వాళ్లే అతన్ని వెంట తీసుకుపోయారు. దీన్ని డౌన్‌హిల్ అంటారని, కొండ మీంచి ఒక్కొక్కరే దిగాలని, అందరికన్నా తక్కువ సమయంలో దిగినవాడు గెలుస్తాడని అప్పుడే తెలిసింది.

వయసంతా అందులోనే పోయింది. ఉత్తరాది కొండలు, నీలగిరులు, పశ్చిమాన ఘాట్లు తిరిగాడు. భుజం ఎముక విరిగింది, పక్కటెముకలు విరిగాయి. కప్పులు వచ్చాయి. పేరు మాత్రం రాలేదు. సంబంధాలకు పోయినచోట "పిలగాడు ఏం జేస్తడు?" అని అడిగేవాళ్లు. కాటమయ్య "సైకిలు తొక్కుతడు" అనేవాడు. "ఎక్కడిదాంక?" అని అవతలివాళ్లు నవ్వేవాళ్లు. కాటమయ్య నవ్వేవాడు కాదు. ఇంటికొచ్చి ఆ నవ్వంతా కొడుకు మీద కక్కేవాడు.

"గుట్ట మీదికి జీపుల పోతవు, కిందికి జారుకుంట వస్తవు. ఇదొక పనారా? మేకలు గూడ చేస్తయ్ గదా!"

"మేకలకు కప్పులియ్యరు నాయినా."

"నీకిచ్చిండ్రు గదా, ఏం బోసుకున్నవ్ అండ్ల?"

ముప్పై దగ్గరపడ్డాయి. సైకిలిచ్చి, ఖర్చులు పెట్టుకునే కంపెనీ ఈ ఏడు తేల్చి చెప్పింది. చివరి పోటీలో మొదటి ఇద్దరు విదేశీ పందేలకు పోతారు. మిగతావాళ్లు సైకిల్ వాపసు ఇచ్చి ఇళ్లకు పోవచ్చు. ఆ పోటీని తన ఊరి గుట్ట మీద పెట్టించడానికి విజేందర్ ఏడాది పొడుగునా వాళ్ల చుట్టూ తిరిగాడు. కంపెనీ వాళ్లు జనం ఉంటారని దసరా నాడే పెట్టారు. ముందురోజు అర్హత పరుగులో విజేందరే మొదట వచ్చాడు. రెండో మనిషి చాలా వెనక ఉన్నాడు.

ఆ సాయంత్రం మెకానిక్ శివకుమార్ బ్రేకులు విప్పి, చక్రాల నడుమ ఉండే ఉక్కు డిస్కులను స్పిరిట్‌తో తుడిచి, సైకిల్‌ను వసారాలో ఆనించాడు.

"అన్నా, ఇగ దీన్ని ఎవ్వల్నీ ముట్టనియ్యకు. పండుగ పూట బంధువులొస్తరు, పోరగాండ్లొస్తరు."

"ఎవ్వలొస్తరు తమ్మీ? మా అవ్వ పోయినంక ఈ ఇంటికి కుక్క గూడ వస్తలేదు."

తల్లి సుక్కమ్మ పోయి ఏడాది దాటింది. దసరా నాడు సైకిల్ హ్యాండిల్‌కు ఒక కుంకుమ బొట్టు పెట్టి, చేయెత్తి మొక్కేది ఆమే. కాటమయ్య అటు తొంగిచూసేవాడు కాదు. ఆయన పూజ ఆయన పనిముట్లకే. గీత కత్తులు కడిగి, చెట్టెక్కే మోకు దులిపి, నువ్వుల నూనెలో పసుపు కలిపి కత్తి అంచు మెరిసేదాకా పూసేవాడు. నూనె తాగిన ఇనుము మనిషి మాట వింటుందని ఆయన తండ్రి చెప్పాడట.

దసరా పొద్దున విజేందర్ లేచి వచ్చేసరికి సైకిల్ కడిగి ఉంది. హ్యాండిల్‌కు బొట్టు, బంతిపూల దండ. పక్కనే కాటమయ్య బట్టతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఏం జేసినవ్ నాయినా?"

"మొక్కిన. మీ అవ్వ లేదు గదా, ఎవ్వలు మొక్కాలె?" అని ఆగాడు. "నీది గూడ పనే గదరా. నాకు జర ఆలస్యంగ తెలిసింది."

ఆ మాట కోసం విజేందర్ ఎన్నేళ్లుగానో కాచుకొని ఉన్నాడు. ఇప్పుడు వచ్చింది. దండ తీసి గూట్లో పెట్టాడు. ఇంకేం ముట్టావని అడగలేదు. వంగి చక్రం వైపు చూడనూ లేదు. సైకిల్‌ను జీపులోకి ఎత్తాడు.

గుట్ట మీద తన వంతు వచ్చినప్పుడు బ్రేకు పిడి నొక్కి చూసుకున్నాడు. గట్టిగానే ఉంది. నూనె పడిన బ్రేకుకు కూడా పిడి గట్టిగానే ఉంటుంది. కింద ఊరంతా నిలబడింది. దసరాకు పాలపిట్టను చూడ్డానికి పోవలసినవాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు.

మొదటి వాలు బ్రేకు లేకుండా దిగేదే. రెండోది నున్నటి బండ. దాని చివర దారి ఎడమకు తిరుగుతుంది, కుడివైపు పాత కోటగోడ రాళ్లు పడి ఉంటాయి. బండ నెత్తిన రెండు బ్రేకులూ నొక్కాడు. డిస్కు కీచుమంది. పట్టలేదు. మళ్లీ నొక్కాడు. చక్రం ఆగకపోగా ఇంకా ఊపందుకుంది. ఏ రాయి ఎక్కడుందో తెలిసిన దారి గనుక, ఏ రాయికి తగలబోతున్నాడో కూడా ముందే తెలిసింది.

నల్లగొండ దవాఖానలో తుంటికి రాడ్డు వేశారు. నడుస్తావు, అన్నాడు డాక్టరు. సైకిల్ సంగతి అడిగితే ఫైలు మూసి పక్క మంచం దగ్గరికి పోయాడు.

శివకుమార్ వచ్చినప్పుడు కాటమయ్య చాయ్ తేవడానికి కిందికి పోయి ఉన్నాడు. శివకుమార్ జేబులోంచి డిస్కును రెండువైపులా నొక్కే బ్రేకు దిమ్మలు తీసి, విజేందర్ ముక్కు దగ్గర పెట్టాడు. నువ్వుల నూనె వాసన.

"ముందుది, వెనకది, రెండూ గిట్లనే ఉన్నయన్నా. ఎవ్వలో డిస్కుకు ఒత్తి ఒత్తి పూసిండ్రు. ఇంట్ల ఎవ్వలున్నరు ఆ పొద్దు?"

విజేందర్ కళ్లు మూసుకున్నాడు. శివకుమార్‌కు అర్థమైంది. సైకిల్‌ను కంపెనీ వాళ్లు తీసుకుపోయారని, ఎంపికైన ఇద్దరికీ పాస్‌పోర్టులు అడిగారని చెప్పి పోయాడు.

కాటమయ్య చాయ్‌తో పాటు కథ కూడా తెచ్చాడు. వార్డులో అందరికీ అదే చెబుతున్నాడు. పక్క మంచం ఆయనకు ఆ పూట మళ్లీ చెప్పాడు.

"అంత ఎత్తు మీదికెల్లి పడ్డడు, పాణం ఎట్ల దక్కిందనుకున్నవ్? పొద్దుగాల నా చేతులతోని కడిగి, పసుపు నూనె రాసి మొక్కిన. అమ్మోరు తల్లి కాపాడింది."

"నాయినా," అన్నాడు విజేందర్. "ఆ ఉక్కు బిళ్లలకు గూడ రాసినవా?"

"రాయకుంట? అసలు కత్తి అదే గదా. మంచిగ రాసిన."

"గందుకే పడ్డ. బ్రేకు పట్టేది ఆ బిళ్లనే. నూనె తగిలితే పట్టది. నువ్వు రాసిన నూనెతోనే పడ్డ."

కాటమయ్య గ్లాసు కింద పెట్టాడు. కొడుకు ముఖం చూశాడు, వేళాకోళమేమోనని. కాదు. తన అరచేతులు చూసుకున్నాడు. పక్క మంచం ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

మరునాడు ఊరి నుంచి హనుమమ్మ వచ్చింది, కాటమయ్యకు వరుసకు చెల్లెలు. బత్తాయిలు మంచం మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎంత గండం గడిచింది కొడుకా! ఎట్లయిందే అన్నా?"

కాటమయ్య గోడ వైపు చూస్తూ, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"పొద్దుగాల మొక్కిన చెల్లే. నూనె రాసి మొక్కిన. గందుకే పాణంతోని..."

అక్కడ ఆగి కొడుకు వైపు చూశాడు. అడుక్కునేవాడి చూపు. ఈ ఒక్కటీ ఉండనియ్యిరా అన్నట్టుంది. ఉండనిస్తే పోయేదేమీ లేదు. పోవలసిందంతా ముందే పోయింది.

"అబద్ధం," అన్నాడు విజేందర్. "ఆ నూనెతోనే పడ్డ అత్తా. నా బతుకు తీసింది ఈయనే."

హనుమమ్మ "అట్లంటరా బిడ్డా, కన్నతండ్రిని" అంది గానీ, ఆమె గొంతులో బలం లేదు. కాటమయ్య ఫ్లాస్కు తీసుకొని బయటికి పోయాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. వార్డు లోపలికి మాత్రం రాలేదు. కిటికీ అవతల వరండాలో, ఆయన నెత్తి మాత్రం కనిపించేది.

విజేందర్ ఒకసారీ పిలవలేదు.