పగడపు గోడకు సిమెంటు

కెన్యా తీరంలోని లాము దీవిలో, మా సందులో అందరూ నమ్మే మాట ఒకటుంది. కొత్త పై గదిలో తొలిరోజు మా వదిన మ్వానా కిస్మా ఉబాని ధూపం వేయడం మరిచిపోయిందట. అందుకే ఇంటి జిన్ను కోపించి, రెండేళ్ల తర్వాత ఆ గదిని కూల్చి, ఆమె కూతురు రుకియాను తీసుకుపోయిందట. వదిన కూడా అదే నమ్ముతుంది. ఏడాదిగా రోజూ పొద్దున్నే శిథిలాల దగ్గర ధూపం వేస్తోంది.

మాలో పెళ్లయిన ఆడపిల్ల పుట్టిల్లు విడిచిపోదు. తండ్రి ఆమెకోసం ఇంటిమీద మరో అంతస్తు లేపుతాడు. అన్నయ్య పోయాడు కనుక రెండువందల ఏళ్ల ఆ పగడపురాతి ఇంటిమీద కొత్త గది రూపొందించే పని నా మీద పడింది. బడిలో ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని. సముద్రం కనిపించేలా పెద్ద గాజు కిటికీ గీశాను. పాతా కొత్తా ఒకేలా నున్నగా కనబడాలని, గదిని మోసే కింది గోడల సున్నం కూడా గీకేసి సిమెంటు పూయమన్నాను.

"సిమెంటొద్దు మాష్టారూ, సున్నమే కానిద్దాం. ఈ రాయికి చెమట పడుతుంది, సున్నమైతే ఆరనిస్తుంది," అన్నాడు మేస్త్రీ కొంబో.

"చెమట పట్టడానికి నీ గోడేమన్నా రేవులో బస్తాలు మోస్తోందా?"

రుకియా పకపకా నవ్వింది. "మా బాబాయితో వాదించకు కొంబో మామా. వానకే తప్పులు దిద్దే రకం."

కొంబో నవ్వలేదు. చెప్పినట్టే పూశాడు.

గది కూలిన మధ్యాహ్నం రుకియా అందులో నిద్రపోతోంది.

రుకియా పోయిన నలభయ్యో రోజు గడిచాక వదిన దగ్గర కూర్చున్నాను. "వదినా, ధూపానికీ దీనికీ సంబంధం లేదు. తప్పు నా గీతల్లో ఉంది."

ఆమె నిప్పుల మీద ఉబాని చల్లుతూనే ఉంది. "నన్ను ఓదార్చడానికి నీ నెత్తిన వేసుకోకయ్యా. నాకు తెలీదూ, ఆ రోజు నేనే మరిచాను."

మళ్లీ చెప్పాను. మళ్లీ తల అడ్డంగా ఊపింది.

గది కూలేనాటికి మూడు నెలలుగా వాన లేదు. అయినా కూలిన మర్నాడు సిమెంటు పెచ్చు ఊడదీస్తే వెనక రాయి తడిగా ఉంది. అందులోకి దిగిన మడచెట్టు కర్ర దూలాల కొనలు నా వేళ్ల మధ్య ముద్దలా చితికాయి. నేను ముట్టుకోని వెనకగదిలో ఎవరూ ఎన్నడూ ధూపం వేయలేదు. పాత సున్నంతోనే ఉన్న దాని గోడ పొడిగా, నిటారుగా నిలిచి ఉంది.