బంటు ముద్ర

మా ఫ్యాక్టరీ పరీక్షల గదిలో కంప్యూటర్ చిప్పులకు మేం పెట్టుకున్న పేర్లు రెండే. వేగంగా పనిచేస్తే దొర, మెల్లగా పనిచేస్తే బంటు. రెండూ ఒకే సిలికాన్ పలక మీద పుట్టిన తోబుట్టువులే. యంత్రం వేగం కొలుస్తుంది, నేను ముద్ర వేయిస్తాను. దొర ముద్ర పడితే ధర మూడింతలు. పేరుదేముందిలే అనేవాళ్ళను ఒక్క పూట నా కుర్చీలో కూర్చోబెట్టాలి.

పోయిన నెల పోటీ కంపెనీ తన చవక చిప్పు ధరను సగానికి కోసింది. మావాళ్ళూ బంటు ధర దించారు. జనం ఎగబడ్డారు కానీ మాకు అన్ని బంటులు పుట్టలేదు. దొరలకే బంటు ముద్ర వేయమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. దొర ధర మాత్రం దించరట, దించితే పరువు పోతుందట.

నా నోరు ఊరుకుంటుందా? మా మరిది మా ఇంటి కింది వాటాలో కంప్యూటర్లు బిగించి అమ్ముతాడు. ఈ బంటులు నిజానికి దొరలేనని భోజనాల దగ్గర అతనితో అనేశాను. వంద బంటులు కొని, వేగం పెంచి, చవకగా అమ్మాడు. ఆ మాట బజారంతా పాకింది. అప్పటినుంచి ఎవరు పిలిచినా నాకు వణుకే.

సోమవారం అమ్మకాల మేనేజరు పిలిచాడు.

"మీ ఇంటి చిరునామా, ఒక కంప్యూటర్ దుకాణం చిరునామా ఒకటిగానే ఉన్నాయమ్మా."

ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

"కంగారుపడకండి. ఆ పుకారు వల్లే మన సరుకు ఖాళీ అయింది. పోటీవాళ్ళది గోదాముల్లో మూలుగుతోంది. ఈ వారం కూడా మీ మరిదికి అదే మాట చెప్పండి."

"ఈ వారానివి నిజం బంటులేనండీ. వేగం పెంచితే మాడిపోతాయి."

"ఆ సంగతి మనిద్దరికే తెలుసు. ఉద్యోగం కావాలో వద్దో మీరే ఆలోచించుకోండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మరిదిని ముంచలేను. అలాగని మేనేజరు సంగతి చెబితే ఊరంతా చాటి నన్ను ముంచుతాడు, అతని నోరు నాకన్నా పెద్దది. ఆ ఒక్క ముక్క మింగేసి, మిగతాది చెబుదామనుకుని కింది వాటాకు దిగాను.

"ఈసారి కొనకు. నిజంగా బంటులే," అన్నాను.

అతను స్క్రూడ్రైవరు పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"ఆఫీసులో ఎవరికైనా తెలిసిపోయిందా వదినా?"

"లేదు."

"మరి చేతులెందుకు వణుకుతున్నాయి? దొరికిపోతానని భయపడి ఇలా అంటున్నావు. నీ పేరు ఎక్కడా రానివ్వనులే."

"నా మాట విను. మాడిపోతాయి."

"నువ్వు ఇంత బెదిరిపోయావంటే ఈసారివి పోయినసారి కంటే మేలు సరుకన్నమాట," అంటూ ఫోను అందుకున్నాడు. ఐదువందల బంటులు పంపమన్నాడు. దుకాణం పెట్టాక కూడబెట్టినదంతా అందులోకే పోతుందని నాకు తెలుసు. మేనేజరు మాట చెప్పేద్దామని నోరు తెరిచాను. ఉద్యోగం గుర్తొచ్చి మూసేసుకున్నాను. అవతలివాడు సరేనన్నట్టున్నాడు, ఇతను ఫోను పెట్టేశాడు.

"అంతా నీ చలవే వదినా," అన్నాడు.