టీచరు గారి బిందె

ఆ డ్రాయింగు బడిలో నిబంధనల కాగితం తలుపు వెనక గోడకు అంటించి ఉండేది. పిల్లలకు కనపడేలా గోడకు పెట్టాలని విద్యాశాఖ వాళ్ళు చెప్పారు గనక పెట్టారు. తలుపు మాత్రం పొద్దున తీస్తే బడి వదిలేదాకా ఆ గోడకే ఆనించి ఉండేది. తలుపు వెనక ఊడ్చేవాళ్ళకు తప్ప ఆ కాగితం చదివే యోగం ఎవరికీ లేదు. ఊడ్చేది అమలమ్మ.

మూడో నిబంధన: పదిమందిలో ముగ్గురు పేదపిల్లలకు ఉచితంగా నేర్పాలి. ఏడోది: తరగతి వేళ విద్యార్థుల చేత వేరే పని చేయించరాదు. పదకొండోది: తనిఖీ రోజున ప్రతి విద్యార్థీ అధికారి ఎదుట బొమ్మ గీసి చూపాలి. శనివారానికి ఒక వాక్యం చొప్పున, చీపురు చేతపట్టుకునే, అమలమ్మ దాన్నంతా కీర్తనలా కంఠతా పట్టేసింది.

బడి బెజవాడలో ఏలూరు కాలవకు దగ్గర్లో ఉంది. ముందు హాలు బడి, వెనక భాగం టీచరు బాలాత్రిపురసుందరి గారి కాపురం. ఉచిత సీట్లకు మిషను హాస్టలు నుంచి ముగ్గురిని తీసుకున్నారు. అమలమ్మ, రూతు, శౌరమ్మ. ముగ్గురివీ మైలవరం పక్క పల్లెలే. శనివారం పదింటికి వాళ్ళు రాగానే రిజిస్టర్లో హాజరు పడేది. ఆ పైన అమలమ్మకు చీపురు, శౌరమ్మకు బియ్యం చేట, రూతుకు పెరట్లో అంట్లు. హాల్లో మిగతా ఏడుగురూ బల్లల ముందు కూర్చుని గీసేవాళ్ళు. హాస్టల్లో చెప్పుకుంటే, "కాస్త సాయం చేస్తే అరిగిపోతారా?" అంది మేట్రను.

అయినా అమలమ్మ నేర్చుకుంది. బల్లల మధ్య ఊడుస్తూ చూసినదాన్ని హాస్టలుకు పోయి పాత క్యాలెండరు కాగితాల వెనక గీసేది. బడి తరఫున సర్కారు డ్రాయింగు పరీక్షకు కూర్చుని పాసైతే ఎప్పటికైనా ఏదో ఒక బడిలో డ్రాయింగు టీచరు కావాలని ఆమె ఆశ. ఆ సంగతి రూతుకు కూడా చెప్పలేదు.

కిందటేడు ఒక శనివారం చెయ్యి ఊరుకోలేదు. పెరట్లో సిమెంటు గచ్చు మీద బొగ్గుతో శౌరమ్మ ముఖం గీసింది. టీచరు గారు చూసి, హాల్లో పిల్లలందరినీ పిలిచారు.

"చూశారుటే చిత్రకారిణి గారిని. పేరు రిజిస్టర్లోకి ఎక్కింది చాలదూ, బొమ్మలు కూడా కావాల్సొచ్చాయా? తుడు. గుడ్డెందుకే, ఓణీ ఉందిగా."

అందరికంటే గట్టిగా నవ్వింది రమాసుందరి, ముందు బల్ల పిల్ల. అమలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. ఆదివారం ప్రార్థనకు గుడికి కట్టుకుపోవడానికి ఆమెకున్నది ఆ తెల్ల ఓణీ ఒక్కటే. ఎన్ని ఉతుకులు ఉతికినా దాని కొంగున మసి పోలేదు. ఆ రోజు తన నోటు పుస్తకంలో తారీఖు వేసుకుంది. అప్పట్నుంచి ప్రతి శనివారం ఎవరు ఏ పని చేశారో రాసుకుంటూ వచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల అనేవాళ్ళు ఆమెను. నాలుక లేనంత మాత్రాన పళ్ళుండవా?

డెబ్బై నాలుగు ఫిబ్రవరిలో తనిఖీ అన్నారు. నెల ముందు నుంచి టీచరు గారు ఉచిత సీట్ల ముగ్గురినీ కూర్చోబెట్టి బిందె గీయడం నేర్పారు. రెండు వంపులు, మెడ, అంచు, ఎడమ పక్క కాస్త నీడ. నెలంతా అదే.

"ఆయన ఏం గీయమన్నా మీరు బిందే గీయండి."

"చేప గీయమంటేనండి?" అంది శౌరమ్మ.

"చేప బిందెలో ఉందనుకుంటాడు. నువ్వు గీయి."

అమలమ్మ కావాలని తన బిందె వంకరగా గీసింది. "నీ బిందె సొట్టపోయిందే, పాతసామానోడు కూడా ముట్టుకోడు" అన్నారు టీచరు గారు. అనుమానం లేకుండా పోయింది కదా, అమలమ్మకు అంతే కావాలి.

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టరు వెంకటకృష్ణారావు గారు గొడుగు మూలన పెట్టి, పదిమందినీ వరసగా కూర్చోబెట్టారు. "ఇక్కడ మీరు రోజూ చూసేదేదైనా గీయండమ్మా. అరగంట టైము."

అమలమ్మ బిందెతోనే మొదలుపెట్టింది. పక్కనుంచి పోతూ టీచరు గారు ఆ గుండ్రం చూసి, నిశ్చింతగా కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళారు. అప్పుడు అమలమ్మ బిందె మీద రెండు చేతులు గీసింది. చేతుల వెనక వంగిన రూతును గీసింది. అరుగు మీద చేటతో శౌరమ్మ. తెరిచిన వాకిట్లోంచి హాలు, గోడ గడియారంలో పదిన్నర, బల్లల ముందు ఏడు తలలు, కుర్చీలో టీచరు గారు. గోడకు ఆనించిన చీపురు. ఈసారి బిందెకు సొట్ట లేదు.

ఇన్‌స్పెక్టరు గారు ఆ కాగితం చాలాసేపు చూశారు. "ఎవరమ్మా ఈ తోమే పిల్ల?"

"రూతండి. నా పక్కనుంది."

ఆయన రూతు కాగితం చూశారు. బిందె. శౌరమ్మది చూశారు. బిందె. "ఈ బడిలో బిందెలు చాలానే ఉన్నాయే."

"ఒకటేనండి. రూతు తోముద్ది."

"ఎప్పుడు?"

"హాజరు వేసినాకండి." అమలమ్మ అక్కడితో ఆగలేదు. నోటు పుస్తకం ఆయన చేతిలో పెట్టి, లేచి వెళ్ళి తలుపు మూసింది. వెనక గోడ మీద ఆ కాగితం, ఎండ తగలక, కొత్తదానిలా మెరిసింది. "ఏడోదండి" అంది. ఏడుగురు పిల్లలూ తలలు తిప్పి దాన్ని మొదటిసారి చూశారు.

కాఫీ గ్లాసుతో వచ్చిన టీచరు గారు ముందు తలుపు చూశారు, తరవాత బొమ్మ. "దానికేం తెలీదండీ, ఏవో పిచ్చిగీతలు."

"బాగా గీసిందండి. మీరే నేర్పారా?"

నేర్పానంటే ఆ బొమ్మ నిజమని ఒప్పుకున్నట్టు. నేర్పలేదంటే మూడో నిబంధన తప్పినట్టు. టీచరు గారు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ నిలబడటం కోసం అమలమ్మ ఏడాది పైన కాచుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు కలం మూత తీసి ఆగారు. "ఇది రాస్తే బడి గుర్తింపు పోతుందమ్మా. మార్చిలో పరీక్షకు ఇక్కణ్ణించి ఎవరూ కూర్చోలేరు. నువ్వు కూడా. ఆలోచించుకో."

"అమలమ్మా" అన్నారు టీచరు గారు. రెండేళ్ళలో ఆవిడ నోట ఆ పేరు నిండుగా రావడం అదే మొదలు. "నిన్ను ముందు బల్ల మీద కూర్చోబెడతానమ్మా. దగ్గరుండి నేర్పుతాను."

ముందు బల్ల. ఆ బల్ల కింద ఆమె ఎన్నిసార్లు ఊడ్చిందో. ఒక్క క్షణం సరేననబోయింది. ఓణీ కొంగు మీద మసి కనపడింది.

"రాయండి" అంది. "ఇక్కడ నాది పేరొక్కటేనండి. పోతే పోద్ది."

రమాసుందరి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆమె పరీక్ష కూడా పోయింది మరి. అమలమ్మ ఆ ఏడుపు చివరిదాకా విని, అప్పుడు బయటికి నడిచింది.

కాలవ గట్టు మీద రూతు అడిగింది. "ఇంక ఆ బిందె ఎవరు తోముతారే?"

"ఎవరి బిందె వాళ్ళే" అంది అమలమ్మ.

వేసవి సెలవులకు పోయేలోపే బడి బోర్డు దించేశారు. ఊరికి బస్సెక్కేదాకా ప్రతి శనివారం పదింటికి అమలమ్మ చుట్టూ తిరిగి ఆ వీధి వెంటే పోయింది. ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు ఇప్పుడు మూసి ఉంది. లోపల ఆ కాగితం గోడ మీద బాగా కనపడుతూ ఉండి ఉంటుందనుకుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.